హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు దూరమెంత, గాల్లో ఎన్ని గంటలు?

మీ ప్రశ్న ఇదీ: శంషాబాద్ నుంచి డాలస్‌కి దూరం 14,400 కి.మీ., విమానంలో 16 గంటల 40 నిమిషాలు అని ఒక సైట్ చెబుతోంది. టికెట్ల కోసం వెతికితే మాత్రం 22 గంటల నుంచి 30 గంటల దాకా చూపిస్తున్నాయి. పైగా వచ్చేటప్పటి గంటలకీ తిరిగి వెళ్లేటప్పటి గంటలకీ పొంతన లేదు. వేసవి మొదట్లో, మొదటిసారి అమెరికా వస్తున్న అమ్మానాన్నలకి ఏది చూసి బుక్ చేయాలి? నాన్నగారికి మోకాళ్లు పట్టేస్తాయి కూడా.

నేను చాలా ఏళ్లు ఎయిర్‌లైన్ డిస్పాచ్‌లో పనిచేశాను. విమానం కదలకముందు పైలట్ల చేతికి వచ్చే ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే పని అది. కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

14,400 అన్నది నిజమే. 16 గంటల 40 నిమిషాలు కూడా లెక్క ప్రకారం తప్పు కాదు. కానీ అలా ఆగకుండా వెళ్లే విమానం లేదు. ఆ సైట్ ఏ టైమ్‌టేబుల్నీ చూడలేదు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని దూరం కట్టింది, గంటకి 900 కి.మీ.కి కాస్త అటూ ఇటూగా ఒక వేగంతో భాగించింది, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపింది. అంతే. అదే పద్ధతిలో మీరు కడపకీ కాన్సస్ సిటీకీ మధ్య ఎంతసేపు అని అడిగినా నిమిషాలతో సహా చెప్పేస్తుంది.

దూరం సంగతి ముందు చూద్దాం. రెండు చోట్ల మధ్య భూమి ఒంపు వెంట అతి దగ్గరి దారి శంషాబాద్‌కీ డాలస్-ఫోర్ట్ వర్త్‌కీ సుమారు 14,420 కి.మీ. మైళ్లలో 8,960, మేం వాడే నాటికల్ మైళ్లలో 7,786. ఒక సైట్‌కీ మరో సైట్‌కీ పదో ఇరవయ్యో కిలోమీటర్ల తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. ఒకరు భూమిని అచ్చమైన గోళంగా లెక్కగడతారు, ఇంకొకరు ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్నట్టు లెక్కగడతారు. వందల్లో తేడా కనిపిస్తే మాత్రం ఎక్కడో మైళ్లూ కిలోమీటర్లూ కలగాపులగం అయ్యాయనుకోండి. భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యా దూరం 20,000 కి.మీ.కి పెద్దగా మించదు. అందులో దాదాపు ముప్పాతిక వంతు దూరం నుంచి మీ అమ్మానాన్నలు వస్తున్నారన్నమాట.

ఆ దారి ఎటు పోతుందో చాలామంది ఊహించరు. గోడ మీది మ్యాప్ చూస్తే అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పడమటికి ఓ గీత గీయబుద్ధి అవుతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే హైదరాబాద్ మీద దారం ఒక కొస, డాలస్ మీద మరో కొస పెట్టి బిగించి లాగండి. దారం దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. మొదట సరిగ్గా ఢిల్లీ మీదుగా, తర్వాత కశ్మీర్, చైనాలోని షిన్‌జియాంగ్ పడమటి అంచు, కజకిస్తాన్, సైబీరియాలో ఓమ్‌స్క్ నగరం, కారా సముద్రం. ఉత్తర ధ్రువం ఓ 520 కి.మీ. దూరంలో ఉందనగా పక్కనుంచి తప్పుకుని, కెనడాలో ఎల్స్‌మీర్ దీవి, హడ్సన్ బే పడమటి ఒడ్డు, మిన్నెసోటా, ఓక్లహోమా మీదుగా డాలస్‌లో దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు దాటింది. అంటే భూగోళానికి ఒకటి ఈ పక్క, ఇంకొకటి సరిగ్గా ఆ పక్క. అందుకే దారి నడినెత్తి మీదుగా పోతుంది.

దారంలాగా విమానం పోగలదా? పోలేదు. నా పాత ఉద్యోగమంతా ఇక్కడే ఉంది.

మొదటి అడ్డు కారకోరం కొండలు. పైన 35 వేల అడుగుల్లో ఎగిరే విమానానికి కొండలతో పనేంటి అంటారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే ప్రయాణికుల ముఖాల మీదికి వచ్చే మాస్కుల్లో ఆక్సిజన్ ఉండేది పావుగంట అటూ ఇటూగానే. ఆ లోపల మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే ఎత్తుకి, అంటే 10 వేల అడుగుల దగ్గరికి దిగాలి. కింద 20 వేల అడుగులు దాటిన శిఖరాలుంటే ఎక్కడికి దిగుతారు? అందుకని ఆ ప్రాంతం మీద దారి వేయాలంటే ఎక్కడ ఏం జరిగితే ఎటు తిరగాలో ముందే రాసి ఉంచాలి, లేదా చుట్టూ తిరిగి పోవాలి. ఎక్కువమంది చుట్టూనే తిరుగుతారు.

రెండోది రాజకీయం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా, బ్రిటన్ ఎయిర్‌లైన్లకి రష్యా ఆకాశం మూతపడింది. మన ఎయిర్‌లైన్లకీ, గల్ఫ్ ఎయిర్‌లైన్లకీ మూయలేదు. ఇటు పాకిస్తాన్ 2025 ఏప్రిల్‌లో, పహల్‌గామ్ దాడి తర్వాత, భారతీయ విమానాలకి తన ఆకాశం మూసేసింది. 2019లో బాలాకోట్ తర్వాత కూడా ఇలాగే నెలల తరబడి మూసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలకి ఆ ఒక్క దెబ్బతో దారి పొడుగై, కొన్ని మధ్యలో ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం అంగుళం మారలేదు, ప్రయాణం మాత్రం గంటల్లో మారింది.

మూడోది, రెండే ఇంజన్లున్న విమానం ఎక్కడున్నా ఒక ఇంజన్ ఆగిపోతే నిర్ణీత నిమిషాల లోపల ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. ధ్రువం చుట్టుపక్కల అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవి కూడా మంచులో, పెద్ద విమానంలోని జనానికి పడుకోవడానికి చోటు లేని ఊళ్లలో. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు అక్కడే రెండు రాత్రులు గడిపారు, ఇంకో విమానం పంపి తీసుకెళ్లాల్సి వచ్చింది. చలి ఇంకో గొడవ. మామూలు జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర, అమెరికాలో పోసే రకమైతే మైనస్ 40 దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ధ్రువం మీద బయటి గాలి అంతకంటే చల్లగా ఉండే రోజులుంటాయి. రెక్కల్లోని ఇంధనం చల్లబడుతోందని తెలిస్తే పైలట్ కిందికి దిగడమో, వేగం పెంచడమో చేయాలి.

ఇన్ని ఉన్నా 14,420 కి.మీ. ఆగకుండా ఎగరగల విమానాలు లేవా అంటే, నిక్షేపంలా ఉన్నాయి. పెర్త్ నుంచి లండన్‌కి క్వాంటాస్ 2018 మార్చి నుంచి నడుపుతోంది, అది దాదాపు 14,500 కి.మీ. సింగపూర్ నుంచి న్యూయార్క్ అంతకంటే పొడుగు, 15,300 పైమాటే, 18 గంటలు దాటుతుంది. 2005లో బోయింగ్ 777-200ఎల్‌ఆర్ హాంకాంగ్ నుంచి తూర్పు వైపుగా లండన్‌కి 21,601 కి.మీ. ఎగిరి రికార్డు పెట్టింది. ఆ రకం విమానంతోనే ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి ఆగకుండా నడపడం మొదలుపెట్టింది. దూరం సుమారు 13,280 కి.మీ. కొంతకాలం నడిచి ఆగిపోయింది.

అడ్డం ఎక్కడుందంటే బరువులో, డబ్బులో. ఇంత దూరం పోయే విమానం గంటకి 6, 7 టన్నుల ఇంధనం తాగుతుంది. చివరి గంటకి కావలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకెళ్లాలి, ఆ మోతకి మళ్లీ ఇంధనం ఖర్చు. సింగపూర్-న్యూయార్క్ విమానంలో అసలు ఎకానమీ క్లాసే లేదు, బిజినెస్సూ ప్రీమియం ఎకానమీ కలిపి 161 సీట్లే. మన దారిలో ప్రయాణించేది ఎవరు? పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు, చదువుకోడానికి వెళ్లే పిల్లలు. అందరూ ఎకానమీయే, మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, అంచుల దాకా పచ్చళ్లూ పొడులూ. బరువు నిండుగా, రాబడి పలచగా. ఈ లెక్క ఏ ఎయిర్‌లైన్‌కీ తేలిగ్గా తేలదు.

ఇప్పుడు గాలి. దూరం కంటే సమయాన్ని ఎక్కువగా తేల్చేది ఇదే. 30 నుంచి 40 వేల అడుగుల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తూ ఉంటుంది, చలికాలంలో బలంగా. గంటకి 200 కి.మీ. దాటడం దానికి వింత కాదు. గోదావరిలో వాలుకి పోయే పడవకీ ఎదురెక్కే పడవకీ ఎంత తేడానో ఇక్కడా అంతే. 14,420 కి.మీ. దారి పొడుగునా సగటున 40 కి.మీ. ఎదురుగాలి ఉందనుకోండి. 900 కాస్తా 860 అవుతుంది, పట్టేది 16 గంటల 46 నిమిషాలు. అదే 40 వెనక నుంచి తోస్తే 940, 15 గంటల 20 నిమిషాలు. కాస్తంత గాలికే గంటన్నర దగ్గర తేడా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోసుకుపోవడంతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు, ఆరున్నర గంటల ప్రయాణం అది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కోది. అతి దగ్గరి దారి 12,400 కి.మీ. లోపే. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ వైపు నుంచి నడిపింది. 2016 అక్టోబర్‌లో తూర్పుకి తిప్పి, పసిఫిక్ మీదుగా పంపింది. ఆ దారి 15,300 కి.మీ., పాతదానికంటే వెయ్యికి పైగా ఎక్కువ. అయినా 14 గంటలన్నరలో చేరింది, పాతదారికంటే దాదాపు రెండు గంటలు ముందు. గాలి వెనక నుంచి తోసింది, అంతే సంగతి. మా గదిలో ప్రతి షిఫ్ట్ మొదలయ్యేదే గాలుల చార్టుతో. నిన్న గ్రీన్‌లాండ్‌కి దక్షిణంగా వెళ్లిన విమానమే ఇవాళ ఉత్తరంగా వెళ్లొచ్చు. రెండూ ఒకే నంబర్ ఫ్లైట్, ఒకే టికెట్.

ఆ ఫ్లైట్ ప్లాన్‌లో ఇంధనం లెక్క ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఆలస్యాలెందుకు అవుతాయో అర్థమవుతుంది. మొదటి వరస ట్రిప్ ఫ్యూయల్, అంటే గమ్యం దాకా కాలేది. దాని కింద కంటింజెన్సీ, మామూలుగా ట్రిప్‌లో 5 శాతం, గాలి మేం అనుకున్నట్టు లేకపోతే. ఆ కింద ఆల్టర్నేట్, డాలస్‌లో దిగలేకపోతే హ్యూస్టనో ఆస్టినో వెళ్లడానికి. చివర ఫైనల్ రిజర్వ్, గాల్లో అరగంట చక్కర్లకి సరిపడా, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డాలస్ మీద ఉరుములూ వడగళ్లూ ఎక్కువ. ఆ నెలల్లో మేం ఇంకాస్త అదనంగా పోయిస్తాం. 16 గంటలు ఎగిరి వచ్చిన విమానానికి పైన గంటసేపు తిరుగుతూ వేచిచూసే వెసులుబాటు ఉండదు. అందుకే గాలివాన రోజున పక్క ఊరి నుంచి వచ్చిన చిన్న విమానం ఆకాశంలో తిరుగుతూ ఉంటే, దుబాయ్ నుంచి వచ్చింది నేరుగా హ్యూస్టన్‌లో దిగి ఇంధనం పోయించుకుంటుంది. టెక్సస్ వేసవి మొదట్లో రప్పిస్తున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇక మీ టికెట్. ఆగుతూ వెళ్తే దూరం బాగా పెరుగుతుందని మీరు అనుకోవచ్చు. పెరగదు. దుబాయ్ మీదుగా 2,550, 12,920 కలిపి సుమారు 15,470 కి.మీ. దోహా మీదుగా 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా అంతే. నేరుగా వెళ్లే దారికంటే దాదాపు వెయ్యి కి.మీ. ఎక్కువ, అంటే గాల్లో గంటా గంటంబావు. మిగతా గంటలన్నీ నేల మీదే పోతున్నాయి. 22 గంటల టికెట్‌కీ 30 గంటల టికెట్‌కీ తేడా దూరంలో లేదు, మధ్యలో కుర్చీలో కూర్చునే సమయంలో ఉంది.

టికెట్ మీది వేళలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. డాలస్ మనకంటే చలికాలంలో 11 గంటలన్నర, ఎండాకాలంలో 10 గంటలన్నర వెనక. దుబాయ్ ఎప్పుడూ గంటన్నర వెనక. ఎండాకాలం టికెట్ ఒకటి ఊహించుకుందాం: శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయలుదేరి దుబాయ్‌లో 6:40కి దిగుతుంది. చూడ్డానికి 2 గంటల 20 నిమిషాలు, గంటన్నర కలిపితే అసలు 3:50. దుబాయ్‌లో 9:30కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:20కి డాలస్. చూడ్డానికి 6:50, దుబాయ్‌కీ డాలస్‌కీ మధ్య ఎండాకాలపు తేడా 9 గంటలు, కలిపితే 15:50. మొత్తం ఇంటి గడియారం ప్రకారం 22 గంటల 30 నిమిషాలు, అందులో విమానంలో 19:40. దుబాయ్ నుంచి దారి పొడుగునా కిటికీ బయట పగలే. అమ్మకి ముందే చెప్పండి, లేకపోతే చీకటి పడటం లేదేంటని నిద్రపోకుండా కూర్చుంటుంది.

తిరుగు ప్రయాణంలో డాలస్-దుబాయ్ సుమారు 14 గంటలన్నర చాలు, గాలి సాయం కాబట్టి. కానీ గడియారం ఎదురు తిరుగుతుంది. సాయంత్రం 7కి ఎక్కితే దుబాయ్‌లో మర్నాడు సాయంత్రం 6:30. ఆ తర్వాత హైదరాబాద్ చేరేసరికి మూడో తేదీ వచ్చేస్తుంది. "వెళ్లేటప్పుడు అదే రోజు చేరాం, వచ్చేటప్పుడు రెండు రోజులు పట్టింది" అని ఊళ్లో చెప్పుకునేది దీని గురించే. నిజానికి గాల్లో తక్కువసేపు ఉన్నది వచ్చేటప్పుడే.

ఇంకో చిన్న విషయం. టికెట్ మీది 15:50 అంటే గేటు నుంచి గేటు దాకా. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, దిగాక గేటు చేరడం అందులోనే ఉన్నాయి. కాస్త ఆలస్యమైనా సమయానికి చేరినట్టు కనిపించాలని ఎయిర్‌లైన్లు ఇంకొన్ని నిమిషాలు దాచుకుంటాయి కూడా. అందుకే అరగంట ఆలస్యంగా ఎగిరిన విమానం సరిగ్గా వేళకి దిగుతుంది.

మీ అమ్మానాన్నల విషయానికొస్తే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొత్తం గంటలు తక్కువని ఒక టికెట్‌ని ఎంచుకోవద్దు. ఒకే ఎయిర్‌లైన్, ఒకే పీఎన్‌ఆర్, ఒక్క చోటే ఆగడం, మధ్యలో రెండున్నర నుంచి నాలుగు గంటలు. ఇది కుదిరితే పదివేలు ఎక్కువైనా పెట్టండి. గంటా పది నిమిషాల కనెక్షన్ మీకు సరదా, వీల్‌చెయిర్ కోసం ఎదురుచూసే పెద్దవాళ్లకి నరకం. వాళ్లు బాగా నడవగలిగినా వీల్‌చెయిర్ అడగండి. ఇంగ్లిష్ బోర్డులు చదువుకోలేని చోట పక్కన మనిషి ఉంటాడు, అదే అసలు ఉపయోగం.

గల్ఫ్ మీదుగా అయితే 4 గంటలు, తర్వాత 16 గంటలు. లండన్ మీదుగా అయితే ఇటు పదీ అటు పదీ. నాన్నగారికి మోకాళ్లు పట్టేస్తాయన్నారు కాబట్టి నేనైతే సమానంగా విడిపోయేదే చూస్తాను. 16 గంటలు ఒకే సీట్లో అన్నది కాళ్ల వాపుకీ, రక్తం గడ్డకట్టే ప్రమాదానికీ కూడా సంబంధించిన విషయం. డాక్టర్‌ని అడిగి, దారిలో గంటకోసారి లేచి నడవమనండి. ఐరోపా మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నియమం ఆ దేశపు అధికారిక సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్ మాటలు నమ్మొద్దు. గల్ఫ్ మీదుగా అయితే భాష సులువు, దుబాయ్‌లో తెలుగువాళ్లు కనిపించడం మామూలే. కానీ 2025 జూన్‌లో ఇరాన్-ఇజ్రాయెల్ గొడవలో జరిగినట్టు అక్కడి ఆకాశం ఉన్నట్టుండి మూతపడొచ్చు. అలాంటప్పుడు ఒకే పీఎన్‌ఆర్ ఉంటే మళ్లీ టికెట్ ఇవ్వాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. రెండు టికెట్లు విడిగా కొంటే ఆ తలనొప్పి మీది. ఢిల్లీ మీదుగా డిసెంబర్, జనవరిలో పొద్దుటి కనెక్షన్ మాత్రం పెట్టుకోకండి, పొగమంచు ఎవరి మాటా వినదు.

మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట మారతాయి. ఆ తేదీలకి దగ్గరగా బుక్ చేస్తే ప్రయాణానికి వారం ముందు వేళలు మళ్లీ చూసుకోండి. ఇక్కడ మీరు రిసీవ్ చేసుకోవాల్సింది టెర్మినల్ డిలో. ఫోన్‌లో విమానం దిగిందని కనిపించగానే పార్కింగ్‌లోకి పరుగెత్తకండి. ఇమిగ్రేషన్ వరస, పెట్టెలు, పచ్చడి జాడీల దగ్గర కస్టమ్స్ ప్రశ్నలు అన్నీ అయ్యేసరికి గంట, ఒక్కోసారి రెండు గంటలు. నాన్నగారి ఫోన్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ శంషాబాద్‌లోనే పనిచేస్తోందో లేదో చూడమనండి. బయటికొచ్చి "ఏ తలుపు దగ్గరున్నావురా" అని అడగడానికైనా పనికొస్తుంది.